కణజాలానికి పిడి పెట్టిన అమీరమ్మ

అమీరున్నీసాకు ఈ లోకంలో చేతకాని పని ఒక్కటే. పిడి లేని వస్తువు చెయ్యడం.

ఉదయగిరిలో కర్ర గరిటెలు చెక్కే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిలో ఆమెది రోడ్డు మలుపులో ఇల్లు. ముందు పంచ, పంచలో చాప, చాప మీద అమీరున్నీసా. ఊరికి ఆమె అమీరమ్మ. ఒక పక్క ఉలులు, ఇంకో పక్క ఆకురాళ్ళు, ఒళ్ళో చెక్కపొట్టు. ఆ పంచ ముందు నుంచి ఎవరూ ఊరికే పోలేరు. "ఏందిమే, తల తిప్పుకొని పోతుండావు, మాటలు ఖరీదైపోయినాయా?" అని ఆమె పిలుస్తుంది. పిలిచాక కూర్చోవాలి. కూర్చున్నాక ఇంట్లో సంగతులు చెప్పాలి. ఆమె చేతులు చెక్కుతుంటాయి, చెవులు వింటుంటాయి, నోరు అడపాదడపా ఆజ్యం పోస్తుంటుంది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పంచ మెట్ల మీద కూర్చుని విన్నదే, ఒక్క ఆత్మకూరు ప్రయాణం తప్ప. ఆ రోజు ఆటోలో నేనూ ఉన్నాను.

అనంతసాగరం పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చినప్పుడు ఆమెకు గరిటెతో కూర కలపడం తెలుసు గానీ, గరిటె ఎలా పుడుతుందో తెలియదు. అత్త నేర్పింది. అత్తది ఒక పద్ధతి. కొండ నుంచి తెచ్చిన కర్రలో ముందు పిడి చెక్కాలి. ఆ పిడిని కాలి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని, తల భాగాన్ని తర్వాత తొలవాలి. అన్నిటికంటే చివర పిడి కొసన ఒక పువ్వు వెయ్యాలి. పువ్వు పడిందంటే ఆ వస్తువు పూర్తయినట్టు. ఆ తర్వాత దాని మీద రంపం పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదని కొత్త కోడలు అడిగిందట. "బిడ్డ పుట్టినాక చెయ్యి బాగలేదని కోస్తామా?" అందట అత్త. అత్త పోయింది. నియమం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అందువల్ల అమీరమ్మ ఏది చేసినా దానికి పిడి మొలుస్తుంది. భర్త ఫకీర్ సాహెబ్ స్నానానికి పీట అడిగితే పీట చేసింది. దానికి పిడి. చూసినవాళ్ళంతా చపాతీ పీట అనుకుని వంటింట్లోకి చేర్చారు. ఆయన ఇప్పటికీ నిలబడే స్నానం చేస్తాడు. కొడుకు ఆసిఫ్ చిన్నప్పుడు గుర్రం బొమ్మ కావాలని ఏడిస్తే గుర్రం చేసింది. కళ్ళు, చెవులు, జూలు, అన్నీ అచ్చం గుర్రమే. పొట్ట కింద మాత్రం జానెడు పిడి. నేల మీద నిలబడదు, పరుగెత్తదు. వాడు దాన్ని జెండాలా పైకెత్తి పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. "ఒరేయ్ ఆసిఫూ, నీ గుర్రాన్ని ఇట్టియ్యరా, సాంబారు కలుపుకొనిస్తాం" అని పిల్లలు వెంటపడేవాళ్ళు.

ఆ ఆసిఫ్ ఇప్పుడు షేర్ ఆటో తోలుతున్నాడు. తోలీ తోలీ నడుము పట్టేసి, ఇక కూర్చుని చేసే వ్యాపారం చూసుకోవాలనుకున్నాడు. సెల్ ఫోన్లకు అద్దాలు అతికించడం, పౌచీలు, చార్జర్లు అమ్మడం. సరుకు ఎక్కడ తేవాలో తెలుసుకున్నాడు. బోర్డుకు రంగు కూడా ఎంచుకున్నాడు. కావలసిందల్లా రోడ్డు మొగదల ఒక జాగా. అది వాళ్ళ పంచే.

"అమ్మీ, మన పంచలో కొట్టు పెడితే గిరాకీ మామూలుగా ఉండదు" అన్నాడు.

"మరి నా గరిటెలు యాడికి పోవాల?"

"వంటింట్లోకి. లోకంలో గరిటెలుండేది యాడ? వంటింట్లోనే గదా."

ఈ మాటకు అమీరమ్మ చేత్తోనే జవాబు చెప్పింది. చేతిలో ఉన్న అట్లకాడ విసిరింది.

వంటింట్లో వెలుతురు లేదు. అంతకంటే పెద్ద లోటు, వంటింటి ముందు నుంచి పోయే మనుషులు లేరు. మనిషి గొంతు వినపడకపోతే ఆమె ఉలి ముందుకు సాగదు. పంచ పోతే పని పోయినట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఫకీర్ సాహెబ్‌కు తెలుసు. ఆసిఫ్‌కు కూడా తెలుసు గానీ, తెలియనట్టు బోర్డు కొలతలు తీసుకుంటున్నాడు.

అప్పుడు వచ్చింది మహాలక్ష్మి మేడం.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె జంతుశాస్త్రం చెబుతుంది. ఉదయగిరిలో ఏదో పెళ్ళికి వచ్చి, గరిటెలు కొందామని పంచ ఎక్కింది. చిల్లుల గరిటె మీది అల్లిక పని చూసి ముచ్చటపడింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమీరమ్మా, మీరు కణజాలాలు చెక్కగలరా?" అని అడిగింది.

అమీరమ్మ జీవితంలో ఏ గిరాకీకీ చేతకాదని చెప్పలేదు. "సైజెంతమ్మా?" అంది.

మేడం నవ్వి విడమరిచి చెప్పింది. ఒళ్ళంతా కంటికి కనపడని కణాలతో కట్టి ఉంటుంది. ఒకే పని చేసే కణాలు ఒకచోట జట్టు కడితే అది కణజాలం. మనిషి ఒంట్లో అలాంటి జట్లు ముఖ్యంగా నాలుగు. కాలేజీలో ప్రదర్శన ఉంది. చార్టులు చూసి చూసి పిల్లలకు ఆవలింతలు వస్తున్నాయి. నాలుగూ చెక్కలో, పెద్దవిగా, చేత్తో తడిమి చూసేలా కావాలి.

"జట్టంటే మా గరిటెల వీధి మాదిరి" అంది అమీరమ్మ.

"అంతేనమ్మా."

మేడం బొమ్మలు ఆసిఫ్ ఫోనుకు పంపి, సందేహాలొస్తే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగిందో లేదో ఆసిఫ్ పందెం కట్టాడు.

"అమ్మీ, ఇవి చేసి ఇచ్చి, మేడం తీసుకునిందనుకో, పంచ నీది. కొట్టు మాట నేనింక ఎత్తను. వద్దని తిప్పి పంపిందనుకో, పంచ కొట్టుకి."

"మాట మీదుంటావా?"

"ఉంటా."

ఫకీర్ సాహెబ్ సాక్షి. ఆయన అప్పుడు మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. ఏం జరిగిందో సగమే విన్నాడు గానీ గట్టిగా తలూపాడు.

సాయంకాలం పూట ఫోను స్పీకరులో పెట్టి పాఠాలు మొదలయ్యాయి. వాళ్ళింట్లో వాళ్ళలో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకుంటారు. ఆ పాఠాల పుణ్యమా అని కొన్నాళ్ళు అందరూ తెలుగులోనే పోట్లాడుకున్నారు.

"మొదటిది ఉపకళా కణజాలం" అంది మేడం. "చర్మం పైపొర అదే. నోటి లోపల, పొట్ట లోపల, పేగుల లోపల పరిచి ఉండేదీ అదే. కణాలు సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి."

"టైల్స్ పరిచినట్టా తల్లీ?"

"అచ్చం అలాగే."

"పేగుల్లో గూడా టైల్సేనా?"

"పేగుల్లో కూడానమ్మా."

అమీరమ్మ భర్త వైపు తిరిగింది. "ఇంట్లో బండలు ఏయించండయ్యా అంటే ఏయించలా. మీ పొట్టలో మాత్రం టైల్స్ ఏయించుకొనుండారు."

"స్క్రీన్ గార్డు మాదిరి అమ్మీ" అన్నాడు ఆసిఫ్. "లోపలిది పాడవకుండా పైన వేస్తాం గదా."

"నీకు అన్నిట్లో కొట్టే కనపడతాది" అంది తల్లి.

రెండోది సంయోజక కణజాలం. పేరు పలకడానికే ఫకీర్ సాహెబ్‌కు ఒక పూట పట్టింది. ఇందులో కణాలు ఎడం ఎడంగా ఉంటాయి, మధ్యలో వేరే పదార్థం నిండి ఉంటుంది, శరీరాన్ని కలిపి పట్టుకోవడం, మొయ్యడం, నింపడం దీని పని అని మేడం చెప్పింది. నెత్తురు, ఎముక, కొవ్వు, కీళ్ళలో మెత్తగా ఉండేది, అన్నీ ఈ జట్టే.

"కీళ్ళలోదంటే గుజ్జా?" ఫకీర్ సాహెబ్ లేచి కూర్చున్నాడు. "నాది అరిగిపోయినాదని డాక్టరు చెప్పినాడు మేడం. దాని గురించేనా మీరు చెప్పేది?"

"దాని గురించేనండీ."

"మరి నెత్తురేమో నీళ్ళు, ఎముకేమో రాయి. రెండూ ఒకే జట్టెట్లా అవుతాయి?"

దీనికి మేడం కంటే ముందే అమీరమ్మ జవాబు చెప్పింది. "మీ అన్నదమ్ములు అయినారు గదా? మీ అన్న రాయి. మీ తమ్ముడు ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె. పెళ్ళిళ్ళకు ఇద్దరూ ఒకే బంతిలో కూర్చోరా?"

ఫోనులో మేడం చాలాసేపు దగ్గింది. ఫకీర్ సాహెబ్ మాత్రం ఆ రోజు నుంచి ఒకే మాట పట్టుకున్నాడు. బొమ్మలో తన మోకాలు కూడా రావాలి. "ఒక మూల చిన్నదిగా పెట్టుమే. ఊళ్ళో ఇంత నొప్పి పడే మోకాలు ఇంకోటి లేదు."

మూడోది కండరం. అందులో మూడు రకాలని మేడం చెప్పింది. మనం చెప్తే వినేవి, మన మాట లేకుండా పేగుల్లో వాటంతటవి కదిలేవి, గుండెలో ఉండేవి.

"చెప్తే వినేది గూడా ఒకటుండాదా?" అని అమీరమ్మ ఆశ్చర్యపోయింది. "ఈ ఇంట్లో నేను చూడలేదమ్మా."

నాలుగోది నాడీ కణజాలం. ఒక కొసన చెట్టు వేర్లలా కొమ్మలు, మధ్యలో కణం, అక్కడి నుంచి పొడుగాటి తీగ. ఒంట్లో ఒకచోట నుంచి ఇంకోచోటికి కబురు మోసేది ఇదే. "కాలిన పెనం తగిలిందనుకోండి" అంది మేడం, "చెయ్యి ముందు వెనక్కి వచ్చేస్తుంది. కాలిందని ఆ తర్వాత తెలుస్తుంది. ఆ పని వెన్నుపాములోనే జరిగిపోతుంది. మెదడుకు కబురు ఆలస్యంగా చేరుతుంది."

"మెదడుని అడగకుండానే?"

"అడగకుండానే."

అమీరమ్మ భర్తను, కొడుకును, మార్చి మార్చి చూసింది. "ఈ ఇద్దరికీ అన్నీ వెన్నుపాములోనే జరుగుతాయి తల్లీ. ఇన్నాళ్ళకి కారణం తెలిసినాది."

పాఠాలయ్యాక చెక్కడం మొదలుపెట్టింది. పిడి ఉండకూడదని ఆమెకు తెలుసు. ఫోనులోని బొమ్మల్లో దేనికీ పిడి లేదు. కానీ పిడి లేకుండా కాలి వేళ్ళు దేన్ని పట్టుకోవాలి? ఒకసారి ప్రయత్నించింది. చెక్క జారి వెళ్ళి ఫకీర్ సాహెబ్ మంచి మోకాలికి తగిలింది. ఇక లాభం లేదని ఒక ఉపాయం ఆలోచించింది. ముందు పిడి చెక్కుదాం. దాన్ని పట్టుకుని పని అంతా చేద్దాం. పువ్వు మాత్రం వెయ్యొద్దు. పువ్వు పడలేదు కాబట్టి వస్తువు పూర్తి కానట్టే, కోసినా తప్పు లేదు. చివర్న రంపంతో తీసేద్దాం.

ఉపాయం బాగుంది. తలలు కూడా బాగా వచ్చాయి. ఉపకళ అట్లకాడలా వెడల్పుగా, దాని మీద గళ్ళు గళ్ళుగా కణాలు. సంయోజకం చిల్లుల గరిటెలా, చిల్లుల మధ్య అక్కడక్కడ గుండ్రని కణాలు, భర్త పోరు పడలేక ఒక అంచున చిన్న మోకాలిచిప్ప. కండరం పప్పుగుత్తిలా, సన్న దుంగల కట్ట, దుంగల మీద అడ్డచారలు. నరం నాలుగైదు కొమ్మల ఫోర్కు.

ఇక రంపం తియ్యాల్సిన మధ్యాహ్నం వెంగమ్మ వచ్చి మెట్ల మీద కూర్చుంది. వెంగమ్మది వెనక వీధి. ఆమె చెల్లెలి కోడలు అలిగి పుట్టింటికి పోయిందట. ఆ గొడవ చిన్నది కాదు. అందులో ఒక కుక్కర్ ఉంది, ఒక ఫోటో ఉంది, ఆడపడుచు అన్న మాట ఉంది. అమీరమ్మ కళ్ళు వెంగమ్మ మీదే ఉన్నాయి. "ఆఁ, ఆ తర్వాత?" అంటూనే ఉంది. గొడవ ముగిసి, వెంగమ్మ కొంగు దులుపుకుని లేచి, "ఏం పువ్వులు మే ఇవి, బాగుండాయి" అంది.

అమీరమ్మ కిందికి చూసింది. నాలుగు పిడుల కొసల్లో నాలుగు పువ్వులు. రేకలు, కాడ, అన్నీ పూర్తిగా.

"వెంగమ్మా, నన్ను ముంచేసినావు గదే!"

"నేనేం చేసినాను? నేను మాట్లాడితిని, అంతే."

సంగతి విని ఫకీర్ సాహెబ్, "పోనీలే, కోసెయ్యిమే, ఎవరు చూస్తారు?" అన్నాడు.

"మీ అమ్మ చూస్తాది."

"అమ్మ పోయి ఎన్నేళ్ళయినాది!"

"పోతే? అత్తలు చూడ్డం మానేస్తారా?"

ఆసిఫ్ నాలుగింటినీ చూశాడు.  ఈల వేశాడు. బోర్డు రాసేవాడికి ఫోను చేసి సిద్ధంగా ఉండమన్నాడు.

మరునాడు పొద్దున్నే అమీరమ్మ నాలుగు కణజాలాలనూ పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కొడుకు ఆటోలో కూర్చుంది. ఆత్మకూరులో కంటి డాక్టరు దగ్గరికని వెంగమ్మ ఎక్కింది. నాకూ అక్కడ పనుంది, ఎక్కాను. దారిలో దుత్తలూరులో పోలేరయ్య అనే మెట్ట రైతు ఎక్కాడు. భుజాన సంచి, చంకలో కోడి.

కుదుపులకు దుప్పటి విచ్చుకుంది. పోలేరయ్య తొంగి చూసి, "అట్లకాడ బాగుండాదే, యాడ కొన్నారు?" అన్నాడు.

"అది అట్లకాడ కాదు పెద్దాయనా, చర్మం" అన్నాడు ఆసిఫ్ ముందు నుంచి.

పోలేరయ్య కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఆ జరగడం ఆసిఫ్‌కు నచ్చలేదు. తల్లి వస్తువు చూసి మనిషి భయపడితే ఎలా? దాంతో విడమరచి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఉపకళ. ఆటో ఎడమకు పోయినప్పుడు కణజాలం కుడికి పోయేది. స్క్రీన్ గార్డు దగ్గర మొదలుపెట్టి నాలుగూ చెప్పాడు. మేడం చెప్పింది సగం, సొంతంగా కల్పించింది సగం.

"ఈ కోడికి గూడా ఉంటాయా ఆ నాలుగూ?" అని అడిగాడు పోలేరయ్య.

"అందరికీ అవే నాలుగు."

"మరి ఆదివారం మనం తినేది ఏంది?"

"తొడ ముక్కయితే కండరం. ఎముక చీకితే సంయోజకం."

"మెదడు?"

"కోడికి పెద్దగా ఉండదులే."

కోడి గట్టిగా అరిచింది. పోలేరయ్య దాని వీపు నిమిరి, "నిన్ను కాదులేవే" అన్నాడు. అయినా ఆత్మకూరు దాకా దాన్ని కొత్తగా చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో వెంగమ్మ ఉపకళను తీసుకుని జాకెట్టు వెనక నుంచి దోపి వీపు గోక్కోసాగింది. అమీరమ్మ లాగేసుకుంది. "ప్రదర్శనకి పోయే వస్తువుమే అది!"

"చర్మం గోక్కోను చర్మం కాకపోతే ఇంకేం పనికొస్తాది? పిడి భలే అందుతుండాది" అంది వెంగమ్మ.

కాలేజీలో పచ్చగుడ్డ పరిచిన బల్ల సిద్ధంగా ఉంది. విద్యార్థులు అటూ ఇటూ తిరుగుతున్నారు. కంటి డాక్టరు ఎక్కడికీ పోడులెమ్మని వెంగమ్మ కూడా మాతోనే లోపలికి వచ్చింది. మేడం దుప్పటి విప్పింది. ముందు ముఖం వెలిగింది. తర్వాత ఆ వెలుగు పిడి పొడవునా జారి, పువ్వు దగ్గరికి చేరేసరికి ఆరిపోయింది.

"పిడులేంటమ్మా?"

"పట్టుకోడానికి తల్లీ."

"కణజాలాన్ని ఎవరు పట్టుకుంటారమ్మా?"

మేడం వాటిని బల్ల మీద పెట్టింది. ఉపకళ పక్కకు వాలింది. కండరం దొర్లి కింద పడింది. ఒక్క నరాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని మెచ్చుకోలుగా చూసింది. "దీనికి పిడి ఉండాల్సిందే. నిజానికి ఇంకా పొడుగుండాలి. నడుము దగ్గర నుంచి కాలి వేళ్ళ దాకా పోయే నరాలున్నాయి." అమీరమ్మ మెడ కాస్త నిటారైంది. "కానీ ఈ మూడింటికీ పిడి ఉండదమ్మా. పిల్లలు నిజంగానే లోపల పిడి ఉంటుందనుకుంటారు. ఇలాగైతే నేను తీసుకోలేను. కోసేస్తే తీసుకుంటాను. కోయొద్దంటే మీరే తీసుకుపొండి."

అమీరమ్మ పువ్వుల వైపు చూసింది. కోస్తే అత్త నియమం పోతుంది. కోయకపోతే పంచ పోతుంది. కింద పడిన కండరాన్ని తీసి, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. 

ఆసిఫ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి సంగతి వాడికి తెలుసు. పువ్వు పడినదాన్ని ఆమె కోయనివ్వదు. ఇంకొక్క నిముషం ఊరికే నిలబడితే చాలు, పంచ వాడిది.

"కొయ్యండి" అంది అమీరమ్మ. కళ్ళు గట్టిగా మూసుకుంది.

కాలేజీ అటెండరు రమణయ్య ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు రంపం తెచ్చి, కండరాన్ని బల్ల అంచున అదిమి పట్టి, పువ్వు కింద రంపం ఆనించి ఒక్క లాగు లాగబోయాడు. అప్పుడే ఒక చెయ్యి రంపానికీ పిడికీ మధ్యన దూరింది. ఆసిఫ్ చెయ్యి.

"ఆగన్నా!"

రంపం ఆగింది గానీ పళ్ళు వేలికి గీసుకున్నాయి. చెయ్యి ఎంత వేగంగా దూరిందో అంత వేగంగా వెనక్కి వచ్చింది. చూపుడు వేలి మీద నెత్తురు పూసలా లేచింది.

అమీరమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు వేలు పట్టుకుని కాలేజీ అదిరిపోయేలా కేక పెట్టింది. "అయ్యో, ఉపకళ తెగినాదిరా నీకు!"

"ఏం లేదమ్మీ, చిన్నదే."

"ఏం లేకపోవడం ఏందిరా! సంయోజకం కారిపోతుండాది! మేడం, సంయోజకం ఆగడం లేదు!"

"వేలు ఆడించు అబ్బయా, కండరం పని చేస్తుండాదా చూద్దాం" అంది వెంగమ్మ.

ఆసిఫ్ ఆడించాడు. "చేస్తుండాది. నరం గూడా బాగానే ఉండాది. మంటగా ఉండాది గదా."

పిల్లలంతా చుట్టూ మూగారు. వెనకవాళ్ళు బెంచీలెక్కారు. మేడం దూది తేవడానికని రెండు అడుగులు వేసి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, ఆఖరుకు తానే వేలికి కట్టు కట్టింది. కడుతూ పిల్లలకు చూపించింది. "చూడండి. రంపం ముందు తాకింది చర్మం పైపొరను. ఆ కిందిదాకా తెగింది కాబట్టే నెత్తురొచ్చింది. కబురు తీసుకుపోయింది నరం. చెయ్యి వెనక్కి లాగింది కండరం. నాలుగూ ఒక్క వేలి మీదే ఉన్నాయి."

"మళ్ళీ ఒకసారి చూపిస్తారా అన్నా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నీ వేలు తీసుకురా" అన్నాడు ఆసిఫ్.

మేడం కండరాన్ని పిడి పట్టుకుని పైకి లేపింది. ముందు వరసలో పిల్లకు అందించింది. ఆ పిల్ల పిడి పట్టుకుని అడ్డచారలు తడిమి చూసి పక్కదానికి ఇచ్చింది. అది చేతులు మారుతూ బెంచీల చివరి దాకా పోయి, కింద పడకుండా తిరిగి వచ్చింది.

"రమణయ్యా, రంపం లోపల పెట్టెయ్యి. ఒక పూలకుండీలో ఇసక పోసి తీసుకురా" అంది మేడం. పిల్లలతో, "పిడి అమీరమ్మది, కణజాలం మీది. పరీక్షలో పిడి బొమ్మ వేశారంటే మార్కులు ఉండవు" అంది.

నాలుగు కణజాలాలూ పువ్వులు కిందికి, తలలు పైకి, ఇసకలో నిటారుగా నిలబడ్డాయి. వంటింట్లో గరిటెల డబ్బాలాగే ఉంది.  మోకాలిచిప్ప ఏమిటని ఒక పిల్ల అడిగితే, "అది మా ఆయనది" అంది అమీరమ్మ.

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీటులో కొడుకు పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగింది.

"ఎందుకు పెట్టినావురా చెయ్యి? కోసింటే మేడం తీసుకునేది. కోయకుంటే పంచ నీకు వచ్చేది. పంచ కోసమేనా ఆపినావు?"

"తెలీదమ్మీ. నేను పెట్టలా. చెయ్యే పోయింది."

"గుర్రం గుర్తొచ్చిందా?"

"ఏ గుర్రం?" అన్నాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. గేరు మార్చే అవసరం లేని చోట గేరు మార్చాడు.

ఇంటికొచ్చాక ఫకీర్ సాహెబ్ కథంతా విని తీర్పు చెప్పాడు. "వెన్నుపాములో జరిగిపోయినాది. మెదడుకి చేరుంటే వాడు నోటితో ఆపేవాడు, చెయ్యి పెట్టేవాడు కాదు." తర్వాత గొంతు తగ్గించి, "నా మోకాలిని ఎవరన్నా చూసినారా?" అని అడిగాడు.

పంచ అమీరమ్మకే ఉంది. ఆసిఫ్ మాట మీద నిలబడ్డాడు. ఆటో వెనక సీటు పైన పౌచీలు, చార్జర్లు వేలాడదీశాడు. కుదుపులకు అవి ఎక్కినవాళ్ళ నెత్తిన పడుతుంటాయి. పడిన వాటిలో కొన్ని అమ్ముడుపోతున్నాయి. ఫోనుకు అద్దం అతికించేటప్పుడు వాడు "ఉపకళ వేస్తుండా, కదలొద్దు" అంటాడు. దుత్తలూరు వైపు కొంతమంది దాని పేరు అదే అనుకుంటున్నారు.

మొన్న మేడం ఫోన్ చేసింది. ప్రదర్శన బాగా జరిగిందట. అయితే కుండీలోంచి కండర కణజాలం కనపడకుండా పోయిందట. అందరినీ అడిగారట. ఎవరి మీదా నింద వెయ్యడం లేదట గానీ, కాలేజీ వంటమనిషి ఈ మధ్య పప్పు మరీ మెత్తగా చేస్తోందట. ఇంకొకటి చేసిమ్మని అడిగింది.

నేను వెళ్ళేసరికి అమీరమ్మ చాప మీద ఉంది. కొత్త కర్ర కాలి వేళ్ళ మధ్య బిగించి ఉంది. మెట్ల మీద వెంగమ్మ. చెల్లెలి కోడలు తిరిగొచ్చిందట, ఈసారి కుక్కర్ లేకుండా.

"ఈసారైనా పిడి వద్దని మేడం చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పింది" అంది అమీరమ్మ, వెంగమ్మ మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "నోటితో చెప్పింది. నా చేతులకి ఇంకా చేరలా. ఆఁ వెంగమ్మా, ఆ తర్వాత?"

పిడి కొసన అప్పటికే ఒక రేక లేచింది.